శిశువిద్యాలయముల తారతమ్యము: ఇచ్ఛాపూర్ ప్రాంతము



సూరత్ నగరమునుండి హజీరాకు పోవు మార్గమున ఇచ్ఛాపూర్ అను గ్రామము కలదు. ఒకప్పుడు పొలములే కానవచ్చిన ఈ చోరాసీ తాలూకా ప్రాంతమున నేడు పారిశ్రామికవాడయు, వజ్రాభరణముల పార్కును వెలసినవి. ప్రక్కనున్న భాట్‌పోర్‌లో ఓ.ఎన్.జి.సి. వారి సహజవాయు శుద్ధి కర్మాగారము కలదు. ఉద్యోగరీత్యా ఇచ్చటికి వచ్చు తెలుగు దంపతులకు మొదటి నెలలోనే ఒక ప్రశ్న ఎదురగును: మూడేండ్ల బిడ్డను ఏ బడిలో చేర్పింపవలెను? ఆ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

ప్రైవేటు నర్సరీల మాట అటుంచి, ప్రజాధనముతో నడచు వానిని మాత్రమే చూచినను ఇట్టి తాలూకాలో తల్లిదండ్రులకు మూడు రకములు గోచరించును. మొదటిది అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న దేశమున 33 ప్రాంతములలో ప్రయోగాత్మకముగా ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమునకు ఇది ఆయువుపట్టు. రెండవది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోని బాలవాటిక. 2023 జూన్ నుండి గుజరాత్‌లో ఆరేండ్లు నిండని బిడ్డను ఒకటవ తరగతిలో చేర్చుకొనుట మానిరి. అందుచే ఐదేండ్లు నిండిన పిల్లలకై ఈ తరగతి ఏర్పడినది. మూడవది కేంద్రీయ విద్యాలయములు కొన్నింటిలో 2022 నుండి నడచుచున్న బాలవాటిక. బదిలీలు గల కేంద్రోద్యోగుల పిల్లలకు ఇందు ప్రాధాన్యము కలదు. తండ్రి ఏ రాష్ట్రమునకు బదిలీ అయినను బిడ్డకు అదే తీరు బడి లభించుట దీని గొప్ప సౌకర్యము.

వీనిని పోల్చునపుడు లోకులు సాధారణముగా చూచునవి ఏవి? గోడల రంగు, బల్లలు, యూనిఫారము, ఇంగ్లీషు అక్షరములు ఎన్ని నెలలలో వచ్చునను లెక్క. ఈ కొలతతో చూచినచో అంగన్‌వాడి ఎల్లప్పుడును ఓడిపోవును. కాని కొలబద్దయే సరికానపుడు కొలత ఎట్లు సరియగును?

సరియైన కొలబద్దకై దూరము పోనక్కరలేదు. గుజరాత్ నేలయే దానిని చూపినది. న్యాయవాదియైన గిజుభాయి బధేకా ఆ వృత్తిని విడిచి, 1920లో భావనగరమున దక్షిణామూర్తి బాలమందిరమును నడపనారంభించిరి. దండన, భయము, కంఠస్థము లేని బడి ఆయన ఆశయము. కథ, ఆట, పాట ఆయన సాధనములు. ప్రజలు ఆయనను ‘మీసములున్న తల్లి’ అని ప్రేమతో పిలుచుకొనిరి. ఆయనతో కలసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో గుజరాత్ సరిహద్దు చెంతనున్న బోర్డీ గ్రామమున పేదబిడ్డలకై బాలవాడిని స్థాపించిరి. బిడ్డ బడికి రాలేనపుడు బడియే బిడ్డ ముంగిటికి పోవలెనని ఆమె తలచిరి. ‘అంగన్’ అనగా ముంగిలి. ముంగిటి బడియే అంగన్‌వాడి. నేడు కొందరు చిన్నచూపుతో పలుకు ఈ పేరు వెనుక ఇంత తపస్సు కలదు.

విదేశములందును ఇట్టి పరిశీలనము జరిగినది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, ఇప్సిలాంటి పట్టణమున, 1962లో ఒక ప్రయోగము ఆరంభమైనది. పేదకుటుంబముల బిడ్డలు 123 మందిలో 58 మందికి శిశువిద్య నొసగి, తక్కిన 65 మందితో పోల్చుచు, నలువదియేండ్ల వయస్సు వరకు వారి జీవితములను గమనించిరి. ఆ బడికి పోయినవారిలో ఉద్యోగములందున్నవారు అధికము. నేరములలో చిక్కుకొన్నవారు తక్కువ. ఆ బడి బలము భవనములో లేదు. కొద్దిమంది పిల్లలకొక ఉపాధ్యాయిని ఉండుట, తన పనిని బిడ్డయే ఎన్నుకొనుట, వారమునకొకమారు ఉపాధ్యాయిని ఇంటికేగి తల్లితో మాటలాడుట, ఇవియే దాని విశేషములు.

వీనినుండి మూడు కొలతలు తేలుచున్నవి.

మొదటిది బిడ్డ మాట. ఒక ఉదయమంతయు బడిలో బిడ్డ నోట ఎన్ని మాటలు వెలువడినవి? గురువు చెప్పినదానిని ముప్పదిమంది ఏకకంఠమున వల్లించుట మాట కాదు. బిడ్డ అడిగినదానికి సమాధానము, చెప్పినదానికి శ్రోత దొరకుట మాట. ఈ కొలతకు గోడల రంగుతో పనిలేదు. ఇందులో ఏ బడి ముందున్నదో అచ్చట కూర్చుండి వినినగాని తెలియదు.

రెండవది ఆహారము, ఆరోగ్యము. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము అంగన్‌వాడిలో మూడు నుండి ఆరేండ్ల బిడ్డకు ఉదయపు అల్పాహారము, వేడి భోజనము అందవలెను; 2023లో సవరించు వరకు దాని కొలత దినమునకు 500 కేలరీలు, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు. బరువు తూచుట, టీకాల సంగతి చూచుట, జబ్బుపడిన బిడ్డను వైద్యునికడకు పంపుట కూడ అక్కడి విధులే. ఆకలిగొన్న బిడ్డకు అక్షరము రుచింపదు. ఈ కొలతలో అంగన్‌వాడిదే పైచేయి.

మూడవది బడి నడపు స్త్రీపై మోపిన భారము. అంగన్‌వాడి కార్యకర్త పాటలు నేర్పును, వంటను కనిపెట్టును, గర్భవతుల ఇండ్లకు తిరుగును, లెక్కలు వ్రాసి చరవాణిలో నమోదు చేయును. ఇన్నింటికి ఆమెకు లభించునది జీతము కాదు, గౌరవ వేతనము. 2018 అక్టోబరులో కేంద్రము దానిలో తన వంతును నెలకు 3,000 నుండి 4,500 రూపాయలకు పెంచెను. గుజరాత్‌లోని దాహోద్ జిల్లా నుండి వచ్చిన వ్యాజ్యములో, 2022 ఏప్రిలున, ఈ స్త్రీలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పూర్తి జీతము గల ఉపాధ్యాయినితో ఈమెను పోల్చువారు ఇద్దరి భారమును కూడ త్రాసులో ఉంచవలెను.

ఇక తెలుగు బిడ్డ సంగతి. సూరత్‌లో తెలుగువారనగా ఉద్యోగులు మాత్రమే కారు. తెలంగాణమునుండి వలసవచ్చిన నేతపనివారు ఎందరో కలరు. ఈ నగరపు ప్రాథమిక శిక్షణ సమితి ఏడు భాషలలో బడులు నడపుచున్నది, వానిలో తెలుగొకటి. ఇది మెచ్చదగిన ఏర్పాటు. కాని మూడేండ్ల బిడ్డ చేరునది తన వీధిలోని అంగన్‌వాడిలో. అచ్చటి భాష గుజరాతీ. ‘నీళ్లు’ తప్ప ‘పాణీ’ ఎరుగని బిడ్డ దాహమైనను అడుగలేడు. నోరు మెదపని ఆ బిడ్డను మందమతియని తలచు ప్రమాదము కలదు. అధికారి బిడ్డకు కేంద్రీయ విద్యాలయమున హిందీ, ఇంగ్లీషు వినవచ్చును. అతనికిని తెలుగు వినరాదు. గుజరాతీ నేర్చుట నష్టము కాదు, లాభమే. నేర్చులోపల నోరు మూతపడుటయే నష్టము. 2020 నాటి జాతీయ విద్యావిధానము శైశవవిద్య వీలైనంతవరకు ఇంటిభాషలో సాగవలెనని చెప్పినది. అది ప్రతి వీధిలో నెరవేరుట ప్రభుత్వము ఒక్కదానివలన కాదు.

ఇచ్చటనే తెలుగు సంఘములకు పని కలదు. దీనికి విరాళములక్కరలేదు. నీళ్లు, ఆకలి, నొప్పి, అమ్మ, భయము, బయటికి, ఇట్టి ఇరువది తెలుగు మాటలను గుజరాతీ లిపిలో ఒక అట్టపై వ్రాసి, తెలుగు బిడ్డలున్న అంగన్‌వాడి కార్యకర్తకు ఈయవచ్చును. ఆమె అనుమతితో వారమునకొక ఉదయము సభ్యుల ఇంటి ఆడవారో, పదవీవిరమణ చేసిన పెద్దలో అచ్చటికి పోయి ఒక తెలుగు కథ చెప్పవచ్చును. దాగుడుమూతలకు, చెమ్మచెక్కకు ఏ భాషయు అడ్డు రాదు. గుజరాతీ బిడ్డలును అందులో చేరుదురు. అధికారి బిడ్డను కూడ వెంట తీసికొనిపోయినచో వానికిని తెలుగు చెవినబడును. నేతపనివాని బిడ్డ వానికి నేస్తమగును.

కావున ఈ ప్రాంతమున ఏ బడి మేలని అడుగువారికి ఒకటే సమాధానము. మూడింటికిని పోవలెను, ఒక్కొక్కచోట ఒక పూట కూర్చుండవలెను. బిడ్డ మాటలాడుచున్నదా, కడుపునిండ తినుచున్నదా, బడి నడపు స్త్రీకి ఊపిరి తీసికొను తీరిక కలదా అని చూడవలెను. పిమ్మట తన బిడ్డను ఎచ్చట చేర్చినను, ముంగిటి బడిలో నోరు మెదపని తెలుగు బిడ్డ యొకడు కనిపించినచో వానిని మాత్రము మరువరాదని సభ్యులందరికి విన్నపము.