పరిశోధననౌకపై తొలిపాఠములు

1952లో ఆచార్య యూజీన్ లాఫాండ్ వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున సముద్రవిజ్ఞానబోధనకు పూనుకొనిన నాటినుండి మన విద్యార్థులకు బంగాళాఖాతమే ప్రయోగశాల యయినది. తరగతిగదిలో లవణజలసాంద్రతను గూర్చి ఎన్ని సూత్రములు వల్లించినను, నౌక తీరమును వీడి ఊగనారంభించినంతనే విద్యార్థి నేర్చుకొను మొదటిపాఠము కడుపులోని వికారమే. దానికి ఆచార్యులును అతీతులు కారు.

ఆ రోజులలో, అది కొంత సర్దుకొనినపిమ్మట అసలుపని మొదలయ్యెడిది. ఉక్కుతీగకు వరుసగా, లోతునీటిని పట్టి తెచ్చు నాన్సెన్ సీసాలను బిగించి, వందలమీటర్ల లోతునకు దింపి, వానికి అమర్చిన ఉష్ణమాపకములు అచ్చటి జలముతో సమతాపము నొందువరకు కొన్ని నిమిషములు వేచియుండి, ఆపై తీగవెంట ఒక చిన్న లోహపుగుండును జారవిడిచెడివారు. అది తాకినంతనే పైసీసా తలక్రిందులై నీటిని బంధించెడిది. ఉష్ణమాపకములోని పాదరసపుదారము తెగి, ఆ లోతునందలి వేడిమి గుర్తు చెదరక నిలిచెడిది. ఆ సీసానుండి విడివడిన మరియొక గుండు క్రిందిసీసాకై సాగిపోయెడిది. అర్ధరాత్రియైనను, వాన కురియుచున్నను ఈ క్రమము తప్పనిచ్చెడివారు కారు. నిద్రమత్తులో ఒక్క అంకె తారుమారుగా వ్రాసినచో దానిని సరిచూచుకొనుటకు ఏ గ్రంథమును అక్కరకు వచ్చెడిది కాదు.

ఇట్లు తెచ్చిన నీటిని పరీక్షించినపుడే, గంగా బ్రహ్మపుత్ర మహానదీ గోదావరులు కుమ్మరించు మంచినీటివలన ఖాతపు పైపొర లోతునీటికంటె తక్కువ ఉప్పగా నుండుట అంకెలలో ప్రత్యక్షమయ్యెడిది.

ఖాతపు పరిశీలన నీటితోనే ఆగలేదు. 1963లో, అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనయాత్రలో, ఒకనాడు అమెరికా అధ్యక్షుల విహారనౌకగా నుండిన ‘ఆంటన్ బ్రూన్’ మన తూర్పుతీరమున సాగించిన అన్వేషణలో సముద్రగర్భపులోయలు బయల్పడెను. వానిలో నొకదానికి ‘ఆంధ్ర’ యని పేరిడిరి.