లేని గడి
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగపాఠం)



ఈ ఉత్సవాల సందర్భమున పాత ప్రవేశ రిజిస్టర్లను తెరిచి చూశాను. తండ్రి పేరు, వృత్తి (మిల్లు కార్మికుడు, నేతపని, తాపీపని) ముత్యాల వంటి అక్షరాలతో ఉన్నవి. తల్లి పేరుకు గడియే లేదు. నేటి నా ప్రసంగం ఆ లేని గడిని గురించి.

నిజాం రాజ్యం నుండి వలసవచ్చి ఈ మహానగరాన్ని రాయి రాయిగా కట్టిన కామాటీల పేరనే కామాటిపుర వెలసినది. 1873లో పుణేలో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి మన తెలుగు ప్రముఖులున్నారు. అయినను కూలిజనానికి ఓటు లేదు. ఆస్తి, పన్ను, అద్దె వంటి అర్హతలున్నవారికే అది దక్కేది. 1921లో బొంబాయి శాసనమండలి స్త్రీల ఓటుకు సమ్మతించినా ఆ అర్హతలు తొలగలేదు. తరువాత వర్లిలో లేచిన బి.డి.డి. చాళ్ళలో, 160 చదరపు అడుగుల గదిలో సంసారమీదిన ఇల్లాలికి ఓటు అందని మ్రానిపండే.

1950లో రాజ్యాంగం ఆ అడ్డుగోడను కూల్చింది. అయితే 1951-52 తొలి ఎన్నికల జాబితాలు వ్రాయునపుడు, ముఖ్యంగా ఉత్తరాదిన, అనేక స్త్రీలు ‘ఫలానావారి భార్యను’, ‘ఫలానావాని తల్లిని’ అన్నారే గాని తమ పేరు చెప్పలేదు. ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అట్టి నమోదులను అంగీకరించలేదు. దాదాపు 28 లక్షలమంది జాబితాల నుండి తొలగిపోయారు. కఠినమైన నిర్ణయమే. అయినా సరియైనదని పాఠం చెప్పినప్పుడల్లా అంటూ వచ్చాను.

కాని నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కామాటిపుర నుండి ఒక తల్లి కుమార్తెను చేర్పించడానికి వచ్చింది. తండ్రి పేరు అడిగాను. తలవంచుకున్నది. వరుసలోనివారికి వినబడేటట్లు మళ్ళీ అడిగాను. “నా పేరు రాసుకోండమ్మా” అన్నది. గడి లేదన్నాను. బిడ్డ చేయి పట్టుకొని వెళ్ళిపోయింది, మరల రాలేదు. సేన్‌గారు పేరు చెప్పని స్త్రీని చెప్పమన్నారు. చెప్పబోయిన స్త్రీని నేను త్రిప్పి పంపాను.

పడుపువృత్తిలోని స్త్రీలకు ఓటరు కార్డు, రేషను కార్డు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది 2021 డిసెంబరులో! మహారాష్ట్రలో 2024 మే 1 నుండి పుట్టిన పిల్లల ప్రభుత్వ పత్రాలలో తల్లి పేరు తప్పనిసరి అయినది.

పాత రిజిస్టర్లను దిద్దే అధికారం నాకు లేదు. అందుకే కార్యాలయంలో వేరొక పుస్తకం ఉంచాను. పూర్వ విద్యార్థులు వెళ్ళేముందు తమ తల్లిగారి పేరు అందులో వ్రాయవలెనని ప్రార్థన. మొదటి వరుస ఖాళీగా వదిలాను. ఆమె పేరేమిటో ఆనాడు నేను అడగనేలేదు.