రోగి మంచము చెంత నాయకత్వము

(కొవ్వూరున జరిగిన సభలో గావించిన ఉపన్యాసము)



గోదావరి యొడ్డున పుట్టి పెరిగిన మనకు ఏటిగట్టు కాపలా యనగా నేమో యొకరు చెప్పనక్కరలేదు. వరదకాలమున రాత్రివేళ లాంతరు చేతబట్టి గట్టు వెంబడి నడచువాడు సామాన్యుడు. అతనికి బిరుదులు లేవు, పెద్ద జీతము లేదు. అయినను ఎండ్రకాయ బొరియనుండి నీరు ఊరుచుండుట మొదట కనుగొనువాడు అతడే. పై యధికారి నిద్ర లేచి వచ్చువరకు అతడు నోరు మెదపకున్నచో తెల్లవారునప్పటికి గండి పడును. 1986 ఆగస్టు వరద కన్నులార చూచిన పెద్దలు ఈ సభలో నున్నారు. ఈ మాట బరువు వారికి బాగుగ తెలియును. నేడు మేము ప్రస్తావింపదలచిన నర్సు, ఆసుపత్రికి అట్టి గట్టు కాపరి.

వైద్యుడు రోగిని దినమునకు ఒకటి రెండు మారులు చూచి పోవును. తక్కిన గడియలన్నియు రోగి ఆమె కనుసన్నలలోనే యుండును. చెమట పట్టుట, శ్వాస మారుట, నాడి తగ్గుట, సెలైను ఎక్కినచోట చేయి వాచుట మొదట ఆమెకే తెలియును. రాత్రి రెండు గంటలకు కేసుషీటులోని మందు పేరు అక్షరము తెలియక యున్నది. వైద్యుని నిద్ర లేపి అడుగుటా? అడిగిన కసరునేమో యని ఊహించి సూది వేయుటా? నాయకత్వమన్నను ధర్మమన్నను ఆ క్షణమున ఆమె చేయు నిర్ణయమే. వేదికలమీద మేము చేయు ప్రసంగములకంటె అది కష్టతరమైనది.

న్యాయవాదులమగుట చేత ఒక తీర్పు చెప్పెదము. 1993 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతపు ఆసుపత్రి యొకదానిలో టైఫాయిడు జ్వరముతో ఒక బాలుడు చేరెను. వైద్యుడు వ్రాసినది క్లోరాంఫెనికాలు. నర్సు దానిని క్లోరోక్వినని చదివి, తండ్రిచే ఆ మందు కొనిపించి, నరమునకు ఎక్కించెను. బాలుని గుండె ఆగెను. ప్రాణము నిలిచినను మెదడు శాశ్వతముగ చెడెను. విచారణలో ఏమి తేలినది? ఆమె ఏ రాష్ట్రపు నర్సుల రిజిస్టరులోను పేరులేని మనిషి. ఆ సూది స్వయముగనో, తన సమక్షముననో వేయింపవలసిన వైద్యుడు ఆ పని ఆమెకు విడిచెను. 1998లో సుప్రీం కోర్టు ఆసుపత్రినే బాధ్యురాలిని జేసి, బాలునికి పండ్రెండున్నర లక్షలును, తల్లిదండ్రులకు అయిదు లక్షలును ఇప్పించిన తీర్పును స్థిరపరచెను. అక్షరము తప్పు చదివిన కన్ను ఒకరిది. ఆ కన్నును అచ్చట నిలిపిన చేతులు పెక్కు. న్యాయస్థానము ఆ చేతులను గుర్తించినది.

ఇక మా తప్పు నొకటి ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని యేండ్ల క్రిందట ఒక నర్సు మా యింటికి వచ్చెను. ఆసుపత్రి పేరు చెప్పము. రాత్రి డ్యూటీలో ప్రక్క మంచము రోగికి వేయవలసిన ఇంజెక్షను ఈ మంచము రోగికి వేసినదట. వెంటనే తెలిసికొని, వైద్యునికి చెప్పి, రాత్రంతయు ఆ రోగి ప్రక్కనే కూర్చున్నది. రోగి బ్రదికెను. తెల్లవారి ఆమె యుద్యోగము పోయెను. ఏమి చేయవచ్చునని అడుగగా, న్యాయవాదుల అలవాటు చొప్పున మేము, "అమ్మా, ముందు కాగితము మీద ఏదీ ఒప్పుకోకు" అంటిమి. ఆమె మావంక చూచి, "పొరబాటు నాదేనండి. దాచలేదండి. దాచినవాళ్ళు ఉద్యోగాల్లోనే ఉన్నారండి" అన్నది. ఆ మాటకు మాకు నేటికిని బదులు దొరకలేదు. నిజము చెప్పినవారిని ఇంటికి పంపిన వార్డులో మరునాటినుండి ఎవరును నిజము చెప్పరు. అట్టిచోట మంచమెక్కు రోగి ఎవరో కాదు, మన బిడ్డ కావచ్చును.

మన జిల్లాల చరిత్రలోనే ఒక దృష్టాంతము కలదు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు సమయమున జరిగిన ప్రదర్శనశాలకు వాకిట వాలంటీరుగ నిలిచినది రాజమహేంద్రవరమున పుట్టిన పదునాలుగేండ్ల బాలిక. టిక్కెట్టు లేనిదే ఎవరిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవాహరులాలు నెహ్రూగారు టిక్కెట్టు లేక వచ్చిరి, ఆమె ఆపెను. నిర్వాహకులు ఆమెపై కోపించిరి. టిక్కెట్టు కొన్న పిదపనే ఆమె లోనికి విడిచెను. నెహ్రూగారు ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. ఆ బాలికయే దుర్గాబాయమ్మ. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించినది. మనము ఈ కథను బాలిక ధైర్యమునకై చెప్పుకొందుము. నెహ్రూగారి నడత కూడ చూడవలెను. పెద్దవాడు ఆగినందుననే చిన్నదాని ధైర్యము సఫలమైనది. నర్సు "ఆగండి డాక్టరుగారూ, ఈ మోతాదు మరల చూడండి" అన్నప్పుడు ఆగి చూచు వైద్యుడు తన గౌరవమును పెంచుకొనును.

ఫ్లారెన్సు నైటింగేలమ్మను దీపముతో చిత్రించుట లోకమునకు వాడుక. 1854లో క్రిమియా యుద్ధపు ఆసుపత్రులకు బోయిన ఆమె, సైనికులు గాయములకంటె రోగములచేతనే హెచ్చుగ చచ్చుచున్నారని లెక్కగట్టి ప్రభుత్వము ముందుంచినది. మన ఆనకట్ట కట్టిన కాటను దొరతో ఉత్తరములు నడపి, ఈ దేశపు నీటి పారుదలకై వాదించినదియు ఆమెయే. దీపము చేతబట్టుట సేవ. చావుల లెక్క దాచక చెప్పుట నాయకత్వము. మన ఆసుపత్రులలో తప్పుల పుస్తకమొకటి ఉండవలెను. అది శిక్షకు సాధనము కాక, అదే తప్పు రెండవమారు జరుగకుండుటకు సాధనము కావలెను.

అయితే ధర్మభారమంతయు ఒక్క స్త్రీ భుజముమీద మోపుట అన్యాయము. 1946నాటి భోరు కమిటీ నివేదికలో ఈ దేశమున 43,000 జనమునకు ఒక్క నర్సు. ఆ కాలము గడచినది. కాని ముప్పది మంచములకు ఒక్కతెను నిలిపిన రాత్రి ఎంతటి నేర్పరియైనను తప్పు చేయకుండునా? సాధారణ ఆసుపత్రిలో అయిదు మంచములకు ఒక నర్సు కావలెనని భారతీయ నర్సింగు మండలి నియమము. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు ఒత్తిడి తగ్గి, ప్రభుత్వము అప్పుడు ప్రకటించిన లెక్క ప్రకారమే 11 మంది మరణించిరి. ట్యాంకరు వేళకు చేరకపోయినప్పుడు మంచము చెంతనున్న చేతులు చేయగలిగినది కొంచెమే. కాపరిని నిలిపితిమని గట్టును విడిచిపెట్టరాదు.

కావున ఆసుపత్రి యజమానులారా, రిజిస్టరులో పేరున్నవారినే నియమింపుడు, తప్పు చెప్పినవారిని రక్షింపుడు, దాచినవారిని ప్రశ్నింపుడు. మావంటి న్యాయవాదులారా, నోరు మూసికొమ్మను సలహా ఇచ్చుటకు ముందు ఆ సలహా ఎవరి ప్రాణము మీదికి వచ్చునో యోచింపుడు.

ఇక పౌరులమైన మనమేమి చేయవలెను? వంతెన దాటి రాజమహేంద్రవరపు ఆసుపత్రికి మనవారిని తీసికొని పోయినప్పుడు, నర్సు సూది చేతబట్టి రోగి పేరు రెండవమారు అడుగును. "ఇందాకే చెప్పాం కదమ్మా, ఎన్నిసార్లు అడుగుతావు?" అని మనము విసుగుకొందుము. ఇకమీద విసుగుకొనక, పేరు మరల చెప్పుదము. ఆమె అడుగుచున్నది గట్టుమీద లాంతరు వెలుగుచున్నదనుటకు గురుతు.