ముందు గ్రామసభ, తర్వాతే ముగ్గు

(ఊరి బయళ్ళలో నడకదారుల విషయమై హనుమాన్ జంక్షన్‌లో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం ధర, కాలువ నీళ్ళు, ఎరువుల గురించి మాట్లాడుకునే చోట వాకింగ్ ట్రాక్ గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మా ఊళ్ళో పంచాయతీ గోడకు ఒక నోటీసు అంటించారు. ఊరి బయలు చుట్టూ నడకదారి వేయాలనుకుంటున్నాం, గ్రామసభలో అభిప్రాయం చెప్పండి అని దాని సారాంశం. ఇది మా ఒక్క ఊరితో ఆగేది కాదు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక కొన్ని చెరువులను మినీ ట్యాంక్‌బండ్లుగా మార్చారు. గట్టు మీద నడకదారి, బెంచీలు, దీపాలు వచ్చాయి. రేపు మీ ఊళ్ళో కూడా చెరువు గట్టు మీదకో, బయల్లోకో ఈ ప్రతిపాదన వస్తుంది. అప్పుడు ఏమనాలో ఇప్పుడే అనుకుందాం.

మొదట ఒక మాట తేల్చి చెబుతాను. నడకదారి వద్దని నేను అనను. మనకు అది అవసరమే. పదహారో నంబరు జాతీయ రహదారి మన మధ్య నుంచే పోతోంది. అటు నూజివీడు రోడ్డు, ఇటు గుడివాడ రోడ్డు వచ్చి జంక్షన్‌లో కలుస్తాయి. తెల్లవారుజామున ఆ రోడ్ల అంచున లారీల పక్కన నడుస్తున్నవాళ్ళు ఎవరు? షుగరు, బీపీ ఉన్నాయి, నడవమని డాక్టరు చెబితే బయల్దేరిన మన ఇంటి ఆడవాళ్ళు, మన వయసు రైతులు. కానిస్టేబుల్ సెలక్షన్లో 1,600 మీటర్ల పరుగు ఉంటుంది కాబట్టి చీకట్లో రోడ్డు మీద పరిగెడుతున్న మన పిల్లలు. వాళ్ళకు భద్రమైన చోటు కావాలి. దీన్ని కాదంటే మనం మన ఇంటివాళ్ళకే అడ్డం పడినట్టు.

అయితే ఆ బయలు ఖాళీగా ఉందా? నోటీసులో "ఖాళీ స్థలం" అని రాశారు. మే నెలలో వచ్చి చూసినవాడికి ఖాళీగానే కనబడుతుంది. నవంబర్ నెలాఖరులో వచ్చి చూడమనండి.

పూర్వం వరి కొడవలితో కోసేవాళ్ళం. పనలు పొలంలోనే నాలుగు రోజులు ఆరేవి. కట్ట కట్టి, కుప్ప వేసి, వీలు చూసుకొని నూర్చేవాళ్ళం. గింజ అప్పటికే ఎండి ఉండేది. ఇప్పుడు మిషన్ చేలో దిగితే గంటలో ఎకరం అయిపోతుంది. పచ్చి గింజ నేరుగా ట్రాక్టర్ తొట్టిలో పడుతుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. మిషన్ కోసిన ధాన్యం చాలాసార్లు 20 దాటి ఉంటుంది. అంటే ఆరబెట్టే పని పొలం నుంచి ఊళ్ళోకి వచ్చి పడింది. యంత్రం వచ్చింది గనుక కళ్ళం అక్కర్లేదని అనుకునేవాళ్ళున్నారు. నిజానికి యంత్రం వచ్చాకే కళ్ళం అవసరం పెరిగింది.

సొంత దొడ్డి, సిమెంటు గచ్చు ఉన్న రైతుకు ఫర్వాలేదు. కౌలు రైతుకు ఏముంది? పొలం పరాయిది, గట్టు పరాయిది, తన ఇల్లు చూస్తే మూడు సెంట్లు. అతనికి మిగిలింది రోడ్డు, లేకపోతే ఊరి బయలు. రోడ్డు మీద ఆరబోస్తే రాత్రిపూట మోటారు సైకిల్ ఆ కుప్పకు తగిలి ఎవరి బిడ్డ కాలో విరుగుతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన డెల్టాలో ధాన్యం ఎలా తడిసిందో మీకు గుర్తు చేయక్కర్లేదు. అలాంటప్పుడు మెరక మీద నాలుగు సెంట్ల చోటు దొరికినవాడు గట్టెక్కాడు. దొరకనివాడు మొలకలెత్తిన గింజలు చూసుకొని కూర్చున్నాడు.

ధాన్యం ఒక్కటేనా? మాఘ ఫాల్గుణాల్లో మినుము వస్తుంది. నూజివీడు వైపు మెట్టలో మొక్కజొన్న వస్తుంది. గేదెలు సాయంత్రం అక్కడే నిలబడతాయి. కొన్ని ఊళ్ళల్లో శ్మశానానికి దారి కూడా బయలు మీదుగానే. ఈ వాడకాలు వేటికీ కాగితం లేదు. తాతల నాటి నుంచి వాడుకుంటున్నాం అనేది మన నోటి మాటే. కాగితం లేని వాడకం ఎంత తేలిగ్గా పోతుందో మన మండలంలోనే చూశాం. మల్లవల్లిలో వెయ్యెకరాలకు పైగా పారిశ్రామిక వాడకు పోయింది. పరిహారం అందలేదని సాగుదార్లు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. రెండెకరాల బయలు అనుకుందాం. చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 295 అడుగులు. చుట్టూ కొలిస్తే 1,180 అడుగులు, అంటే 360 మీటర్లు. అంచునే ఆరడుగుల వెడల్పు దారి వేస్తే దానికి పోయేది 16 సెంట్లు. 200 సెంట్లలో 16. మన కానిస్టేబుల్ పిల్లలు నాలుగున్నర చుట్లు తిరిగితే 1,600 మీటర్లు అయిపోతుంది. ఇటు ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 వచ్చాయనుకుంటే, ఆ ధాన్యం రెండంగుళాల మందాన పరచడానికి రెండు సెంట్ల చోటు పడుతుంది. అంటే దారి కింద పోయే చోటు ఒక విడతలో ఎనిమిది ఎకరాల ధాన్యానికి సరిపోయేది. అది నష్టమే, కానీ సర్దుకోదగ్గ నష్టం.

అసలు ప్రమాదం ఎక్కడుందో వినండి. దారితో పాటు కంచె అంటారు. కంచెకు గేటు, గేటుకు తాళం. లోపల లాన్, పూలమొక్కలు. దారి అంచున అడుగెత్తు సిమెంటు దిమ్మెలు, వాటిని ట్రాక్టరు దాటలేదు. అప్పుడు పోయేది 16 సెంట్లు కాదు, మొత్తం 200 సెంట్లు. పొద్దునా సాయంత్రం కలిపి నాలుగు గంటలు నడిచేవాళ్ళ కోసం మిగిలిన 20 గంటలూ బయలు మూతపడుతుంది. కాబట్టి మన ప్రశ్న దారి గురించి కంటే కంచె గురించి, గేటు గురించి ఎక్కువగా ఉండాలి.

చట్టం మన పక్షాన ఏముందో కూడా తెలుసుకుందాం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ కొన్ని పోరంబోకులను పంచాయతీకి దఖలు చేసింది. మేత బీళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు, పశువులు నిలిచే చోట్లు, బండ్లు ఆగే చోట్లు, తోపులు అని పేరుపేరునా రాసింది. కళ్ళం అనే మాట చట్టంలోనే ఉంది మిత్రులారా. మీ బయలు రికార్డులో ఏ పోరంబోకుగా ఉందో ముందు చూడండి. సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల కార్యాలయంలో అయిదు రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, పోరంబోకు రకం, నడకదారి అంచనా, ప్లాను నకలు అడగండి.

అదే చట్టం ఆరో సెక్షన్ గ్రామసభ గురించి చెబుతుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ సభ్యులే. ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. ఆ ఏడు చేయబోయే పనులు, బడ్జెట్‌లో లేని కొత్త పని ఏదైనా, సభ ముందు పెట్టాలి. సభ చేసిన సూచనలను పంచాయతీ తగినట్టు పరిశీలించాలి. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్ళు కట్టుకున్న వ్యవహారం అది. ఆక్రమణలు తీసేసి, ఊరి ఉమ్మడి భూములను ఊరి అందరి వాడకానికి తిరిగి అప్పగించే పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఊరి బయలును విలేజ్ గ్రీన్ అంటారు. అక్కడ 2006 కామన్స్ చట్టం ప్రకారం, ఒక స్థలాన్ని ఊరివాళ్ళు 20 ఏళ్ళ పాటు ఎవరి అనుమతీ అడగకుండా, దాపరికం లేకుండా, జబర్దస్తీ లేకుండా ఆటపాటలకు వాడుకుంటూ వస్తే దాన్ని విలేజ్ గ్రీన్‌గా నమోదు చేయమని అడగవచ్చు. వాడకమే అక్కడ సాక్ష్యం. మన దగ్గరా అదే పని చేయాలి. ఎవరు, ఏ నెలలో, దేనికి బయలును వాడుతున్నారో జాబితా రాసి గ్రామసభలో ఇవ్వాలి. నోటి మాటను కాగితం మీదకు ఎక్కించడమే మనం చేయాల్సిన మొదటి పని.

2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. సభ జరగడం మంచిదే, జరిగే తీరు కూడా చూసుకోవాలి. నేను కూర్చున్న సభల్లో సంతకాల పుస్తకం ముందు తిరిగి, పనుల జాబితా తర్వాత చదివినవి ఉన్నాయి. పగలు పదకొండు గంటలకు సభ పెడితే కూలికి పోయిన ఆడవాళ్ళు ఎలా వస్తారు? కోతల రోజుల్లో పెడితే కౌలు రైతు ఎలా వస్తాడు? పక్క ఊళ్ళో ఓటుండి మన ఊళ్ళో సాగు చేసేవాడికి అసలు సభలో చోటే లేదు. అలాంటివాళ్ళ చేత అర్జీ రాయించి మనం పట్టుకెళ్ళాలి.

అందుకని సంఘం తరఫున ఈ కోరికలు పెడదామని నా ప్రతిపాదన.

ఒకటి, సభ సాయంత్రం పూట పెట్టాలి. టముకు వేయించాలి. అన్ని పేటల్లోనూ వినబడాలి, ఊరి పెద్ద వీధిలో కొట్టి వదిలేస్తే కుదరదు.

రెండు, సభకు ముందే బయల్లో తాడు పట్టి, కర్రలు పాతి దారి ఎక్కడ వస్తుందో చూపించాలి. ప్లాను కాగితం చూసి అర్థం చేసుకునేవాళ్ళు మనలో కొద్దిమందే. కర్ర చూస్తే అందరికీ అర్థమవుతుంది. ఒప్పుకున్నాకే సున్నంతో ముగ్గు వేయాలి.

మూడు, దారి అంచునే ఉండాలి, నేలమట్టానికి ఉండాలి. ట్రాక్టరు, గేదెలు, శవయాత్ర దాటే చోట్ల అడ్డం ఉండకూడదు. కంచె వద్దు. నీడకు వేప, కానుగ మొక్కలు నాటితే చాలు.

నాలుగు, టైల్స్ బదులు మట్టి, గ్రావెల్ దారి వేయాలి. 2005 ఉపాధి హామీ చట్టంలో కూలికి 60, సామగ్రికి 40 అనే నిష్పత్తి ఎందుకు పెట్టారు? డబ్బు కూలి చేతికి చేరాలని. మట్టిపనిలో మన పేటల వాళ్ళకు కూలి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు సిమెంటు కంటే మట్టి దారే మేలు. పక్కన చిన్న కాలువ తీసి వాననీరు పోయేట్టు చూడాలి. లేకపోతే దారి మెరక అయి, బయలు మడుగవుతుంది.

అయిదు, వేళలు. ఇది వినండి, తగువు చాలా వరకు దీనితోనే తీరుతుంది. మంచు ఆరేదాకా ధాన్యం ఎవరూ పరచరు. ఎనిమిదిన్నర, తొమ్మిదికి పరుస్తారు, నాలుగింటికల్లా కుప్ప చేసి పట్టా కప్పుతారు. నడిచేవాళ్ళు వచ్చేది ఏడు లోపల, మళ్ళీ అయిదు తర్వాత. ఇద్దరికీ ఒకే చోటు, వేర్వేరు వేళలు. రాత్రిపూట కుప్పలు దారికి లోపలి వైపు ఉంచే బాధ్యత రైతుది. కుప్ప మీద కాలు పెట్టకుండా, కుక్కల్ని వదలకుండా చూసుకునే బాధ్యత నడిచేవాళ్ళది.

ఆరు, ఈ షరతులన్నీ తీర్మానంలో రాయాలి. గేటు, తాళం, టికెట్టు, లీజు ఎప్పటికీ ఉండవని రాయాలి. రాసింది సభలోనే పైకి చదవాలి. చదివాకే సంతకాలు. నకలు ఒకటి సంఘం దగ్గర ఉండాలి. దారి బాగోగులు ఎవరు చూస్తారో, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో కూడా అందులోనే ఉండాలి.

స్థలం చెరువు గట్టయితే ఇంకొకటి చూడాలి. గట్టు ఊరి షికారుకు కట్టింది కాదు, నీళ్ళు ఆపడానికి కట్టింది. తూము, అలుగు దగ్గర మట్టి కదిలించే ముందు నీటి వినియోగదారుల సంఘాన్ని, ఇరిగేషన్ ఇంజినీరును పిలిపించి అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ ఏమైందో చూశాం. గట్టు అందం కంటే గట్టు బలం ముఖ్యం.

ఇలా అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నారని అంటారు. అననివ్వండి. ఎదురు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. నడిచేవాళ్ళను మనకు శత్రువులుగా చూపించే మాట మన నోట రాకూడదు. ఆ దారి అడిగిన టీచరమ్మ మనదే, రిటైరైన పెద్దాయన మనవాడే, పరిగెత్తే కుర్రాడు కౌలు రైతు కొడుకే. వాళ్ళను గ్రామసభకు ముందే కలిసి కూర్చోబెట్టుకొని మాట్లాడండి. రైతులూ నడిచేవాళ్ళూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి సభకు వెళితే, కంచె కాంట్రాక్టు మీద ఆశ ఉన్నవాళ్ళు ఏమీ చేయలేరు.

వచ్చే వారం లోపల ప్రతి ఊరి కమిటీ మూడు పనులు చేయాలి. మీ ఊరి ఉమ్మడి స్థలాల సర్వే నంబర్లు రాసుకోండి. వాడుకునేవాళ్ళ జాబితా తయారు చేయండి, కౌలు రైతుల పేర్లు ముందు రాయండి. గ్రామసభ నోటీసు పడిన రోజే సంఘానికి ఫోను చేయండి. అర్జీ నమూనా మన దగ్గర సిద్ధంగా ఉంది. సభకు మగవాళ్ళొక్కరే రాకండి. పట్టా పరిచేదీ, ధాన్యం తిరగవేసేదీ, వాన మబ్బు చూసి పరిగెత్తి కుప్ప చేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. బయలు సంగతి వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. ముందు వాళ్ళనే మాట్లాడనివ్వండి.

సెలవు.