పాత ఇంట్లో రెండు కాలాలు: క్రైస్తవ ఉత్కంఠ నవల కథ



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు వెంటనే తట్టిన విషయం క్రైస్తవ ఉత్కంఠ నవల. ఆయన ఆదివారం బైబిలు పాఠం చెప్పేవారు, రాత్రిళ్లు దయ్యాల కథలు చదివేవారు. ఆ రెండింటికీ పొత్తు కుదరదని ఎవరన్నా ఒప్పుకునేవారు కాదు. నేనూ ఒప్పుకోను. భయానికీ భక్తికీ ఉన్న చుట్టరికం చాలా పాతది.

మొదటి సమూయేలు గ్రంథం 28వ అధ్యాయం చూడండి. సౌలు రాజు మారువేషంలో రాత్రిపూట ఏన్దోరు అనే ఊరికి వెళ్తాడు. చనిపోయిన సమూయేలు ప్రవక్తను రప్పించమని అక్కడ సోదె చెప్పే స్త్రీని అడుగుతాడు. దుప్పటి కప్పుకున్న ముసలివాడు భూమిలోంచి లేచి వచ్చి, రాజుకూ కొడుకులకూ మర్నాడే చావని చెబుతాడు. సౌలు నిలువునా నేలకూలుతాడు. అప్పుడా స్త్రీయే జాలిపడి పెయ్యను కోసి, రొట్టెలు కాల్చి అతనికి పెడుతుంది. అంత భయం తర్వాత ఆ భోజనం! ఈ రకం నవలకు కావలసిన గుండె అక్కడే ఉంది.

ఇక నవల సంగతి. 1764 చివర ఇంగ్లండులో హొరేస్ వాల్పోల్ ‘కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అచ్చువేశాడు. మొదట తన పేరు పెట్టుకోలేదు. ఒక పాత కాథలిక్ కుటుంబపు గ్రంథాలయంలో దొరికిందనీ, 1529లో నేపుల్స్‌లో ముద్రించిన పుస్తకమనీ ముందుమాటలో నమ్మబలికాడు. దొరికిన పాత కాగితం నేటి పాఠకుడి చేతికి రావడమనే ఎత్తుగడ అప్పుడే నవలలోకి వచ్చింది. కథలో తాత తన యజమానికి విషం పెట్టి కోటను కాజేశాడు. ఆ ఫలితం మనవడి ఇంటిమీద పడింది. పెళ్లిరోజునే మనవడి కొడుకు ఒక భారీ శిరస్త్రాణం కిందపడి నలిగిపోయాడు. తండ్రుల పాపం పిల్లల్ని మూడు నాలుగు తరాలదాకా వెంటాడుతుందన్నదే ఈ కథ నీతి అని వాల్పోలే ముందుమాటలో ఒప్పుకున్నాడు. అది నిర్గమకాండం 20వ అధ్యాయంలోని మాట. అయితే కొడుకు తండ్రి దోషాన్ని మోయనక్కర్లేదని యెహెజ్కేలు 18వ అధ్యాయం గట్టిగా చెబుతుంది. ఈ రెండు అధ్యాయాల మధ్య వాదనే, నిన్నటినీ నేటినీ కలిపి చెప్పే రెండు కాలాల నవలకు ప్రాణమని నా నమ్మకం. నిన్న జరిగింది నేడు పట్టుకుంటుందా, వదులుతుందా? పాఠకుడు పేజీ తిప్పేది అది తెలుసుకోవడానికే.

తర్వాతి వందేళ్లలో ఈ దారిన చాలామంది నడిచారు. డబ్లిన్‌లో ఆంగ్లికన్ పాదిరిగా ఉన్న మాట్యూరిన్ 1820లో ‘మెల్మాత్’ నవల రాశాడు. నాలుగేళ్లకు జేమ్స్ హాగ్ ఒక హంతకుడి కథను రెండుసార్లు చెప్పాడు, ముందు సంపాదకుడి నోట, తర్వాత సమాధిలో దొరికిన రాతలో. తాను దేవుడు ఎన్నుకున్నవాడు గనుక ఏం చేసినా రక్షణ ఖాయమనుకున్న మనిషి కథ అది. భక్తి ఎక్కడ బెడిసికొడుతుందో అంత నిర్భయంగా చూపిన పుస్తకాలు అరుదు.

నా మనసు నిలిచిపోయేది మాత్రం చార్లెస్ విలియమ్స్ దగ్గర. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఉద్యోగి, సి.ఎస్. లూయిస్‌కు స్నేహితుడు. 1937లో ఆయన రాసిన ‘డిసెంట్ ఇంటు హెల్’లో పాలిన్ అనే అమ్మాయికి చిన్నప్పటినుంచీ ఒకటే భయం. అచ్చం తనలాంటి ఆకారమే వీధిలో ఎదురొస్తూ కనబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దగ్గరవుతోంది. ఆ భయాన్ని నీ బదులు నేను మోస్తానంటాడు స్టాన్‌హోప్ అనే కవి. మోస్తాడు కూడా. ఆ తర్వాత ఆమె వంతు వస్తుంది. అప్పటికి సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట, మేరీ రాణి కాలంలో, అదే కొండమీద ఆమె పూర్వీకుణ్ణి విశ్వాసం కోసం సజీవంగా తగలబెట్టారు. అతని చివరి రాత్రి భయాన్ని ఈ కాలపు అమ్మాయి తలకెత్తుకుంటుంది. అతను సంతోషంగా మంటలోకి నడుస్తాడు. నేటి మనిషి చేసిన మేలు నిన్నటి మనిషికి అందింది! ఒకరి భారాన్ని ఒకరు మోయాలన్న పౌలు బోధను కాలం గోడ దాటించి చూపినవారు నాకు తెలిసి ఇంకొకరు లేరు.

అదే నవలలో వెంట్‌వర్త్ అనే చరిత్రకారుడున్నాడు. నాటకం కోసం కుట్టిన సైనికుల దుస్తుల్లో భుజాల ముడులు తప్పని అతనికి తెలుసు. చెబితే దిద్దడానికి రావాలి, విసుగు. బాగానే ఉన్నాయనేస్తాడు. అతని నరకయాత్రలో అదొక మెట్టు. దయ్యంకన్నా ఆ చిన్న అబద్ధమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమెరికాలో ఈ పాయ ఆలస్యంగా పొంగింది. 1979లో జానెట్ ఓక్ ప్రేమకథ క్రైస్తవ నవలకు పెద్ద మార్కెట్ చూపింది. 1986లో ఫ్రాంక్ పెరెట్టి దేవదూతల, దయ్యాల యుద్ధాన్ని ఒక చిన్న ఊళ్లోకి దించాడు. 2017లో జేమీ జో రైట్ ‘ది హౌస్ ఆన్ ఫాస్టర్ హిల్’తో రెండు కాలాలనూ ఒకే ఇంట్లో కూర్చోబెట్టింది. భర్త పోయిన ఓ స్త్రీ కాలిఫోర్నియా వదిలి విస్కాన్సిన్‌లో పాడుబడ్డ ఇల్లు కొంటుంది. 1906లో అదే ఇంటి దగ్గర చెట్టు తొర్రలో ఒక అమ్మాయి శవం దొరికింది. అధ్యాయాలు మారినప్పుడల్లా కాలమూ మారుతుంది. నేటి నాయికకు తెలియనిది మనకు ముందే తెలుస్తుంది, ఉత్కంఠ అంతా అక్కడే. ఈ కోవ నవలల్లో తరచూ పాత కాలపు సగమే గట్టిగా ఉంటుంది. నేటి సగం ప్రేమకథ తొందరలో సన్నబడుతుంది. అయినా నేను విడవకుండా చదువుతాను. తలుపు వెనక ఏమున్నా తెరిచే మనిషి ఒంటరి కాదన్న భరోసా ఈ కథల్లో ఉంది. ఆ భరోసా ఉన్నచోటే భయం ఆనందమవుతుంది.

విశ్వాసులకు ఇలాంటి చదువు తగదనే పెద్దలకు ఏన్దోరు అధ్యాయాన్నే మళ్లీ చదవమని మనవి.

ఇక్కడున్న యువ రచయితలకు ఒక్క మాట. 1878 జూలై 3న, కరువు ఇంకా మరిచిపోని రోజుల్లో, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఒక్కరిని ఊహించండి. ఆ మనిషి దాచుకున్న భయమేమిటో, ఇవాళ అదే ఊళ్లో ఎవరింటి తలుపు తడుతోందో రాయండి. తెలుగులో ఆ నవల కోసం ఎదురుచూసేవాళ్లలో నేనొకణ్ణి.