తలనొప్పి దాచకండి



2011లో సెలవు పెట్టి నేనూ, మన జిల్లా కుర్ర నాయక్ ఒకడూ, గైడుతో లడఖ్‌లోని స్టోక్ కాంగ్రీ (6,153 మీటర్లు) ఎక్కబోయాం. లేహ్‌లో కొన్నాళ్ళు ఆగి, స్టోక్ గ్రామం నుంచి నడిచి మూడో రోజుకు సుమారు 5,000 మీటర్ల ఎత్తున బేస్ క్యాంపు చేరాం. మంచు గట్టిగా ఉంటుందని అర్ధరాత్రి బయలుదేరాం. హిమానీనదం దాటాక కుర్రాడు తూలసాగాడు.

"ఏం లేదు సాబ్" అన్నాడు. గద్దిస్తే చెప్పాడు, రెండ్రోజులుగా తలనొప్పట! ఆ ఎత్తులో తూలుడంటే మెదడు వాస్తోందన్నమాట. ముందు చేయాల్సింది కిందికి దిగడమే. వెన్నెల్లో శిఖరం కనబడుతూనే ఉంది. వెనక్కి తిప్పాను. మంకోర్మా చేరాక టీ అడిగాడు. నా ప్రాణం కుదుటపడింది.

హిమానీనదం తరుగుతోందని, ఊరి నీళ్ళ కోసమని 2020లో ఆ కొండ మూసేశారు. నాకిక శిఖరం దక్కలేదు. చింత లేదు, వాడు ఏటా దసరాకి ఫోన్ చేస్తాడు.

నొప్పి దాచడం మనకు అలవాటు. కొండమీద మాత్రం చెప్పేయండి. జైహింద్.