వీడియోలో కనిపించని చెరువు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1988 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "డాక్టర్లు, ఇంజనీర్లు అందరూ మాట్లాడుతున్నరు. నువ్వు కూడా నీ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పు. ఈ ఫోన్లు, వీడియోలు పెట్టి ప్లాట్లు ఎట్ల అమ్ముతున్నవో చెప్పు" అన్నారు. మమ్మల్ని మర్యాదగా పిలిస్తే రియల్ ఎస్టేట్ ఏజెంట్, కోపం వస్తే బ్రోకర్. రెండు పేర్లకూ పలుకుతాను. ఇందాక టీ దగ్గర మన బ్యాచ్ వాళ్ళే ఇద్దరు నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు. ప్లాటు అంటగడతాడని భయపడి ఉంటారు. ఈ రోజు అమ్మడానికి ఏమీ తేలేదు, నిశ్చింతగా కూర్చోండి.

నేను ఈ పనిలోకి వచ్చింది 1996లో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు అరుగు మీద రెండు కుర్చీలు, ఎదురుగా ఎస్టీడీ బూత్. అదే ఆఫీసు. అప్పటి ప్రచారం అంటే గోడల మీద రాతలు, ఆదివారం పేపర్లో రెండు లైన్ల ప్రకటన, తెల్లవారుజామున నాలుగింటికి పేపర్ వేసే పిల్లల దగ్గరికి పోయి పాంప్లెట్లు మడిచి పెట్టించడం. వెయ్యి పాంప్లెట్లు పంచితే ఐదారు ఫోన్లు వచ్చేవి. ఆదివారం వాళ్ళను సుమోలో ఎక్కించుకొని వెంచర్‌కు తీసుకుపోయి, ఎండలో నడిపించి, టెంటు కింద బిర్యానీ పెట్టించి తిరిగి ఇంటి దగ్గర దింపేవాళ్ళం. అందులో ఒకరు బయానా ఇస్తే ఆ వారం గడిచినట్టే.

2005లో 99ఏకర్స్ వచ్చింది. తర్వాత మ్యాజిక్‌బ్రిక్స్. 2014లో నోబ్రోకర్ అని ఇంకోటి వచ్చింది. దాని పేరే మమ్మల్ని తిట్టినట్టు ఉంటుంది. మొదట్లో మా వాళ్ళంతా ఇక మన పని అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు, తీరు మారింది. ఇప్పుడు కొనేవాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికే ఇరవై ఇళ్ళు ఫోన్‌లో చూసి ఉంటారు. మేం వాళ్ళకు ఇల్లు వెతికి పెట్టడం కన్నా, వాళ్ళు వెతికి పెట్టుకున్నదాంట్లో నిజమెంతో చెప్పడమే ఎక్కువగా చేస్తున్నాం. చేయాలి అనడం సరైన మాట. అందరం చేస్తున్నామని చెప్పలేను.

లోపలి సంగతి కొంచెం చెబుతాను. మీరు ఫేస్‌బుక్‌లో ఒక వెంచర్ బొమ్మ చూసి "వివరాలు కావాలి" అని నొక్కారనుకోండి. మీ పేరు, నంబరు ఒక షీట్‌లో పడతాయి. మా భాషలో దాన్ని లీడ్ అంటారు. ఆ లీడ్ ఒక్కరి దగ్గరే ఉండదు. ఒక్కోసారి నలుగురైదుగురు ఏజెంట్లకు పోతుంది. అందుకే మీరు ఒక్కసారి నొక్కితే పది ఫోన్లు వస్తాయి. ఒకే ఫ్లాటును ఐదుగురు ఐదు ధరలతో పెడతారు. అమ్ముడుపోయిన ఫ్లాటును కూడా తీసేయరు, ఎందుకంటే చవక ధర చూసి ఫోన్లు వస్తూనే ఉంటాయి. "అది నిన్ననే పోయింది సార్, దాని పక్కన ఇంకోటుంది" అని మొదలుపెడతారు. ఈ మాట నేనూ అన్నాను. ఇప్పుడు మాత్రం రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రమే ప్రకటన తీసేస్తున్నాను.

ఇంత చెప్పాక అసలు విషయం చెప్పకపోతే తప్పవుతుంది. ఆయన ఇక్కడే మొదటి వరుసలో ఉన్నారు. మన లెక్కల సార్. చెప్పమని ఆయనే అన్నారు.

2016 మేలో ఒక కంపెనీ వాళ్ళు నాకు రెండు నిమిషాల వీడియో పంపారు. డ్రోన్‌తో తీసింది. అప్పట్లో మా పనిలో డ్రోన్ కొత్త. పైనుంచి చూస్తే ఎర్రమట్టి రోడ్లు, తెల్ల రాళ్ళు, మధ్యలో పార్కు, దూరంగా గుట్ట, వెనక పాట. చివర నా ఫొటో, నా నంబరు వేసి ఇచ్చారు. సినిమాలో పడ్డంత సంబరమైంది. మన స్కూలు వాట్సాప్ గ్రూపు అప్పటికి ఏడాది కిందటే మొదలైంది. అందులో పెట్టాను. "మన స్కూలు వాళ్ళకు గజానికి రెండు వందలు తగ్గింపు" అని కూడా రాశాను.

మర్నాడే సార్ ఫోన్ చేశారు. ఆ ఏడే రిటైరయ్యారు. "ఏరా, ఆ జాగ నువ్వు పోయి చూసినవా?" అని అడిగారు. "చూసిన సార్" అన్నాను. నేను చూసింది వీడియో. ఇరవై సార్లు చూసి ఉంటాను. జాగ దగ్గరికి పోలేదు. పదో తరగతిలో లెక్క చేయకుండా వెనక పేజీలో జవాబు చూసి రాస్తే ఆయన వెంటనే పట్టుకునేవారు. ఆ రోజు ఫోన్‌లో పట్టుకోలేకపోయారు. రిటైర్మెంట్ డబ్బులతో రెండు వందల గజాలు తీసుకున్నారు. ఇల్లు కట్టుకుందామని.

ఆ సెప్టెంబరులో హైదరాబాద్‌లో పడిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. వానలు తగ్గాక సార్ నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. నీళ్ళు. నీళ్ళల్లో అక్కడక్కడ తెల్ల రాళ్ళ తలలు. ఫొటో కింద ఒక్క మాట కూడా రాయలేదు.

పోయి చూశాను. వెంచర్‌లో దిగువ వైపు మొత్తం చెరువు శిఖం అంచు. సార్ ప్లాటు పూర్తిగా ఎఫ్‌టీఎల్ లోపల ఉంది. అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతకు లోపల. వీడియో తీసింది మేలో. మేలో చెరువు చెరువులా ఉండదు, మైదానంలా ఉంటుంది. వీడియో అబద్ధం కాదు, ఆ రోజు అక్కడ నీళ్ళు లేవు. చూసిన అని నేను చెప్పిన మాటే అబద్ధం. లేఅవుట్‌కు ఉన్నది పంచాయతీ కాగితం మాత్రమే. హెచ్‌ఎండీఏ అనుమతి "వస్తుంది" అన్నారు. నేను అడగలేదు, చూడలేదు.

కమీషన్ తిరిగి ఇచ్చేశాను. కంపెనీ వెనక రెండేళ్ళు తిరిగితే సగం డబ్బు వచ్చింది. మిగతా సగం నేను కట్టాను. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు. ఆ రెండేళ్ళు సార్ కిరాయి ఇంట్లో ఉన్నారు. ఆ రెండేళ్ళు నేను తిరిగి ఇవ్వలేదు. ఇవ్వలేను కూడా.

ఇంకో సంగతి ఉంది. పాంప్లెట్ అయితే సాయంత్రానికి పల్లీల పొట్లం అయ్యేది. వీడియో అట్లా కాదు. గ్రూపులోంచి తీసేశాను, కంపెనీ కూడా తన పేజీలోంచి తీసేసింది. కానీ అప్పటికే ఎవరెవరి ఫోన్లకు పోయిందో ఎవరికి తెలుసు? ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండు ఫోన్లు వస్తాయి. "అన్నా, గుట్ట దగ్గర వెంచర్ వీడియో చూసినం, గజం ఎంత?" అని. కిందటేడు ఒకాయన మస్కట్ నుంచి అడిగాడు. ప్రతి ఒక్కరికీ అది కొనవద్దని, అక్కడ చెరువుందని చెబుతాను. నా నంబరు మార్చుకోకపోవడానికి కారణం అదే. నంబరు మారిస్తే ఆ ఫోన్లు ఎత్తేవాళ్ళుండరు.

అప్పటినుంచి టెక్నాలజీని ముందు చూడడానికి వాడుతున్నాను, అమ్మడానికి తర్వాత. సర్వే నంబరు చేతికి రాగానే కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరుస్తాను. అందులో వెనకటి సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు. ఎండాకాలం చిత్రం వదిలేసి, వానలు పడ్డాక తీసింది వెతుకుతాను. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ పటాలున్నాయి. హెచ్‌ఎండీఏ పరిధిలో 2012 జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. ఆ లోపల కట్టడానికి లేదు. 2024లో హైడ్రా వచ్చాక ఈ మాటలు అందరి నోళ్ళలో పడ్డాయి గానీ, రూలు అంతకుముందు నుంచే ఉంది.

తర్వాత కాగితాలు. ఈసీ ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. కానీ కంప్యూటర్‌లో వచ్చేది 1983 తర్వాతి లావాదేవీలకే, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాల్సిందే. నిషేధిత భూముల జాబితా, అంటే 22ఏ, అదీ చూడొచ్చు. వ్యవసాయ భూమి అయితే మొన్నటిదాకా ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. ఇవన్నీ కలిపి గంట పని. ఆ గంట పని 2016లో నేను చేయలేదు. ఈ సౌకర్యాల్లో కొన్ని అప్పటికే ఉన్నాయి.

రెరా చట్టం 2016లో వచ్చింది. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలంలోనైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టినా రెరా నంబరు తీసుకోకుండా ప్రకటన ఇవ్వకూడదు. నంబరు ప్రకటన మీద కనిపించాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టును ఏజెంటు అమ్మకూడదు, ఏజెంటుకూ సొంతంగా రెరా నంబరుండాలి. కాబట్టి ఎవరైనా మీకు "ప్రీ లాంచ్ ఆఫర్, ఈ వారమే" అని మెసేజ్ పంపితే, తగ్గింపు ఎంత అని అడగకండి. రెరా నంబరు అడగండి. ఆ నంబరు రెరా వెబ్‌సైటులో మీరే కొట్టి చూడండి. సమాధానంగా దండం పెట్టే బొమ్మ ఒక్కటే వస్తే మీకు అర్థమైనట్టే.

ఇప్పుడు వీడియోలు తీయడం మానేశానా? లేదు. మా అమ్మాయి డిగ్రీ చదువుతూ నాకు వీడియోలు చేసి పెడుతుంది. వెంచర్ వీడియో రెండు సార్లు తీస్తాం. ఎండలో ఒకసారి, వాన పడిన మర్నాడు ఒకసారి. ప్రకటనల్లో "ఔటర్ రింగు రోడ్డుకు పది నిమిషాలు" అని ఉంటుంది కదా, మేం కారు ముందు ఫోన్ పెట్టి, గడియారం కనపడేట్టు, సాయంత్రం ఆరింటికి ఎగ్జిట్ నుంచి ప్లాటు దాకా కత్తిరించకుండా తీస్తాం. ఒకసారి ముప్పై నాలుగు నిమిషాలు వచ్చింది. అమ్మాయి, "నాన్నా, ఇది ఎవరు చూస్తరు?" అంది. నిజమే, చూసినవాళ్ళు తక్కువ. కానీ అది చూసి వచ్చినవాళ్ళు బేరం మధ్యలో వెనక్కి పోలేదు. ఫ్లాటయితే వైడ్ యాంగిల్‌లో తీసిన ఫొటో పెట్టను. అందులో పది అడుగుల గది పెళ్ళి పందిరిలా కనిపిస్తుంది. గది కొలతలు లేజర్ మీటర్‌తో కొలిచి అడుగుల్లో రాస్తాను.

అమెరికాలో ఉన్న మన పిల్లలు రాత్రి పదింటికి ఫోన్ చేస్తారు. వాళ్ళకు రికార్డు చేసిన వీడియో పంపను. పొద్దున వాళ్ళు మేలుకొని ఉండే సమయం చూసుకుని వీడియో కాల్‌లో తిప్పుతాను. కుళాయి విప్పమంటారు, కిటికీ తెరవమంటారు, పక్కింటి గోడ ఎంత దూరమో చూపించమంటారు. ఒకావిడ, "అంకుల్, ఒక్క నిమిషం ఏం మాట్లాడకుండా నిలబడండి, చప్పుడు ఎట్లుందో వింటాను" అంది. నేనెన్నడూ చేయని పరీక్ష అది. వెనక రైల్వే లైను వినిపించింది. వద్దంది. ఆ తర్వాత ఆమె చెప్పి పంపితే ముగ్గురు వచ్చారు.

చివరిగా ఒక విన్నపం. ఈ స్వర్ణోత్సవ సంచిక వెనక పేజీల్లో పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు వేయాలనుకుంటున్నారని విన్నాను. నా వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, మా వాళ్ళకు అంతకన్నా మంచి జాబితా దొరకదు. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో, ఎవరు ఈ ఏడు రిటైరయ్యారో అన్నీ ఒక్క చోట. నంబర్లు వేయకండి. ఫలానా బ్యాచ్ ప్రతినిధిని అడగండి అని రాస్తే చాలు. మన గ్రూపులో కూడా ప్లాట్ల ప్రకటనలు వద్దని అడ్మిన్‌కు చెప్పాను. 2016 తర్వాత నేను ఒక్కటీ పెట్టలేదు, మిగతావాళ్ళు పెడితే కూడా తీసేయమన్నాను. ఇందుకు నా మీద కోపం ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే ఇద్దరున్నారు, వాళ్ళకు నమస్కారం.

సార్ ఇప్పుడు ఫ్లాటులో ఉంటున్నారు. అది నేను అమ్మింది కాదు, కానీ కాగితాలు నా చేతనే చూపించుకున్నారు. "ఈసారి పోయి చూసినవా?" అని మళ్ళీ అడిగారు. మూడుసార్లు పోయాను, ఒకసారి వానలో.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే సర్వే నంబరు పంపండి. చూసి చెబుతాను, కమీషన్ అక్కర్లేదు. గ్రూపులో మాత్రం పెట్టకండి, విడిగా పంపండి.